అన్నం కోసమే మతంలో కలిశారా? ధాత కరువు, ఒంగోలు మిషన్, బకింగ్‌హాం కాలువ

కోస్తా జిల్లాల్లో పుట్టి పెరిగిన క్రైస్తవులు ఎప్పుడో ఒకప్పుడు వినే మాట ఒకటుంది: "మీ తాతలు అన్నం కోసం మతంలో కలిశారు." కొందరు తెలియక అంటారు, కొందరు గుచ్చాలనే అంటారు. బడిలో పక్కనున్న పిల్లాడు ఆ మాట అంటే ఏం జవాబు చెప్పాలో తోచక తల దించుకుని ఇంటికొచ్చిన పిల్లలు ఎందరో. ఇటు చర్చిలో చెప్పే కథ వేరు. దేవుడు పిలిచాడు, వేలమంది ఏట్లో దిగి బాప్తిస్మం తీసుకున్నారు, అంతే. అందులో కరువు ఊసు పెద్దగా ఉండదు.

నాకు ఈ రెండు కథలతోనూ పేచీ ఉంది. రెండూ వరస చెప్పవు. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది, మధ్యలో ఎవరు ఏం పని చేశారు అన్నది పక్కన పెట్టేసి తీర్పు చెబుతాయి. వేలల్లో బాప్తిస్మాలు జరిగిన చోటు ఒంగోలు ప్రాంతం కాబట్టి అక్కడి సంగతే వరసగా చూద్దాం.

1876లో మొదలైన ఆ కరువుకు ధాత కరువు అని పేరు. అప్పటి తెలుగు ఏడాది ధాత. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి, మరుసటి ఏడూ సరిగ్గా పడలేదు. మద్రాసు, బొంబాయి రాజధానులు, మైసూరు, హైదరాబాదు సంస్థానాలు 1878 దాకా అల్లాడాయి. చనిపోయినవాళ్ళు దేశం మొత్తం మీద 50 లక్షలకు పైనే అని తక్కువలో తక్కువ అంచనా. 80 లక్షలు దాటారని చెప్పే లెక్కలూ ఉన్నాయి. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. 1855లో కట్టిన కృష్ణా ఆనకట్ట నీళ్ళు కింది పల్లెలకు అందాయి గానీ, ఒంగోలుకు పడమటి మెట్ట మాత్రం వాననే నమ్ముకుని బతికేది.

దేశంలో గింజలు అసలే లేక జనం చావలేదు. ఓడలెక్కి ధాన్యం బయటికి పోతూనే ఉంది. ఇక్కడివాళ్ళకు కొనే డబ్బు లేదు. పల్లెలో మాదిగ కూలీకి డబ్బు రూపంలో కూలి ముట్టేది తక్కువ. రైతు కళ్ళంలో కొలిచిచ్చే గింజలే అతని ఆదాయం. పంట పోయిందంటే ఆ కొలత ఆగిపోతుంది. రైతు ఇంట్లో గాదె అడుగు కనిపించడానికి ముందే కూలీ ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది.

ప్రభుత్వం ఏం చేసింది? 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటించుకుంది. అదే నెలలో వైస్రాయి లిట్టన్ పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు వచ్చి కరువు పనుల ఖర్చు తగ్గించే పని మొదలుపెట్టాడు. మూడేళ్ళ ముందు బీహారు కరువులో బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించినవాడూ ఈ టెంపులే. అప్పుడు డబ్బు దుబారా చేశాడని పైవాళ్ళు తిట్టారు. ఆ తిట్లు ఇక్కడి కూలీల కడుపు మీద పడ్డాయి. మట్టి పని చేసే మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, పైన కాస్త చిల్లర అని నిర్ణయించాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. రోజంతా పలుగు పట్టేవాడికి ఇది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా కొట్లాడాడు. అదే ఏడాది మద్రాసు ప్రభుత్వం మళ్ళీ కూలి పెంచక తప్పలేదు. ఆలోపు పోయిన ప్రాణాలు పోయాయి.

క్రైస్తవ మిషన్ల కథ చెప్పబోతూ ఇదంతా ఎందుకంటే, పెట్టే చెయ్యి మిషనరీది ఒక్కటే కాదు కాబట్టి. కరువులో అందరికంటే పెద్ద యజమాని సర్కారు. ఏ మతంలోనూ కలపకుండానే అది లక్షలమందికి పని ఇచ్చింది. పని ఉన్నచోట మనిషిని మనిషిగా చూశారా లేదా అన్నదే అసలు తేడా. దాని దగ్గరికి వెళ్ళేముందు ఒక పదేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

అమెరికా బాప్టిస్టులు తెలుగువాళ్ళ మధ్య పని మొదలుపెట్టింది 1836లో. శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. చాలా ఏళ్ళపాటు ఫలితం దాదాపు శూన్యం. మిషన్ మూసేద్దామని అమెరికాలో 1853లో గట్టిగా చర్చ జరిగింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున నెల్లూరు మిషనరీ లైమన్ జ్యువెట్, ఆయన భార్య యుఫీమియా, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థన చేశారు. ఒంగోలు క్రైస్తవులు ఆ కొండను ఇప్పటికీ అదే గుర్తుతో చూస్తారు.

ఆ మనిషి రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. పేరు జాన్ ఎవరెట్ క్లౌ. కుర్రతనంలో మిన్నెసోటా అడవుల్లో భూమి సర్వే చేసే బృందంలో పనిచేశాడు. ఈ విషయం గుర్తుంచుకోండి, కాలువ దగ్గర అక్కరకొస్తుంది. 1864 చివర్లో భార్య హారియట్‌తో బోస్టన్‌లో ఓడ ఎక్కి, 1865లో మద్రాసులో దిగి, 1866లో ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు ఉన్నది ఎనిమిది మంది.

అయితే ఈ కథకు తలుపు తీసింది క్లౌ కాదు, ఎర్రగుంట్ల పేరయ్య. మాదిగ. తోళ్ళ వ్యాపారం మీద ఊరూరా తిరిగేవాడు. రాజయోగం సాధన చేసి, తనవాళ్ళలో గురువుగా పేరున్నవాడు. అమెరికా దొర రాకముందే క్రీస్తు సంగతి ఆయన చెవిన పడింది, ఆయనలో వెతుకులాట మొదలైంది. భార్య నాగమ్మతో కలిసి 1866లో బాప్తిస్మం తీసుకుని, ఒంగోలుకు పడమట 40 మైళ్ళ దూరాన ఉన్న తన పల్లెకు తిరిగెళ్ళి చుట్టాలందరికీ చెప్పాడు. క్లౌ అక్కడికి వెళ్ళేసరికే జనం ఎదురుచూస్తున్నారు. తర్వాత సువార్త నడిచిన దారులు కూడా పేరయ్య లాంటివాళ్ళు తోళ్ళ కోసం నడిచినవే, చెల్లెళ్ళనూ మేనకోడళ్ళనూ ఇచ్చిపుచ్చుకున్న ఊళ్ళ మధ్యవే.

ఇక్కడే దొర ఇంట్లో ఒక చిక్కు వచ్చింది. ఒంగోలు అగ్రకులాలవాళ్ళు కొందరు మిషన్ పట్ల సుముఖంగా ఉండేవారు, పిల్లల్ని బడికి పంపేవారు. మాదిగలకు బాప్తిస్మం ఇస్తున్నారని తెలియగానే వచ్చి తేల్చి చెప్పారు: వాళ్ళను చేర్చుకుంటే మేము రాము. ముందు పెద్ద కులాలవాళ్ళు కలిస్తే కిందివాళ్ళు వెనకే వస్తారన్నది ఆ రోజుల్లో చాలామంది మిషనరీల లెక్క. క్లౌ కూడా ఊగిసలాడాడు. తన గదిలో కూర్చుని చేతికందిన బైబిలు తెరిస్తే కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయం వచ్చింది, లోకం నీచమని తోసేసినవాళ్ళను దేవుడు ఏర్పరచుకున్నాడు అనే చోటు. లేచి పక్క గదిలోకి వెళ్తే హారియట్ కూడా సరిగ్గా ఆ మాటలే చదువుతూ కనిపించింది. ఇద్దరూ ముందే మాట్లాడుకుని చేసింది కాదు. భార్యాభర్తలు దాన్ని దేవుడి జవాబుగా తీసుకున్నారు. అగ్రకులాల పిల్లలు బడి మానేశారు. మాదిగలకు తలుపు తెరిచే ఉంది.

నమ్మేవాళ్ళు దీన్ని దైవ నిర్ణయం అనుకోవచ్చు, నమ్మనివాళ్ళు కాకతాళీయం అనుకోవచ్చు. ఆ నిర్ణయంతో మిషన్ నష్టపోయింది పరువు, పలుకుబడి, చదువుకున్న అండ. కరువుకు పదేళ్ళ ముందే, ఎవరికీ బియ్యం పంచకముందే ఆ నష్టానికి ఒప్పుకున్నారు.

కలిసినవాళ్ళకూ అది తేలిక కాలేదు. వాళ్ళకు మిషన్ పెట్టిన కట్టుబాట్లు మూడు: ఆదివారం పని చేయకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు (అంటే జాతరల్లో డప్పు కూడా కొట్టకూడదు), చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. పైకి మతం సంగతుల్లా కనిపించినా మూడూ ఊరి కట్టుబాటు మీద దెబ్బలే. డప్పు కొట్టనంటే ఊరి పండగ ఆగుతుంది. ఆదివారం రానంటే వెట్టి ఆగుతుంది. కరణాలు, మునసబులు ఊరుకోలేదు. నీళ్ళు ముట్టనివ్వలేదు, అంగట్లో సరుకు అమ్మనివ్వలేదు, దొంగ కేసులు పెట్టించారు. క్లౌ కలెక్టరు దాకా వెళ్ళేవాడు. ఇంత పడుతూ కూడా కరువు నాటికి ఒంగోలు సంఘం 3 వేలు దాటింది.

ఇక కాలువ.

మద్రాసు నుంచి ఉత్తరాన కృష్ణ కాలువల దాకా తీరం వెంబడి పడవలు నడిచే ఉప్పునీటి కాలువను ముక్కలు ముక్కలుగా తవ్వుతూ వచ్చారు. మిగిలిన ఖాళీలను కరువు పని కింద పూర్తి చేయించాలనుకున్నారు. అప్పటి గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం పేరే కాలువకూ పడింది. ప్రభుత్వ శిబిరాలకు వెళ్ళిన మాదిగలు అక్కడి మేస్త్రీల చేతుల్లో పడే అవస్థలు క్లౌకు తెలుసు. ఉత్త చేతులతో అడుక్కునేలా తనవాళ్ళను వదలడమూ ఆయనకు ఇష్టం లేదు. అందుకని మూడున్నర మైళ్ళ కాలువ తవ్వే కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. రాజుపాలెం దగ్గర తాటాకు గుడిసెలతో శిబిరం లేచింది. రోజూ దాదాపు 3 వేల మంది పని చేసేవారు. మిషన్ బోధకులు 30 మంది మేస్త్రీలయ్యారు.

ఉపాధి హామీ పనికి వెళ్ళేవాళ్ళను అడగండి, పలుగు కష్టం కంటే కొలత టెన్షనే ఎక్కువ అంటారు. మట్టి పనిలో కూలి అంతా కొలతలోనే ఉంది. పొద్దుటినుంచి తవ్విన గుంట సాయంత్రం పొడవు, వెడల్పు, లోతు కొలిస్తేనే డబ్బు. టేపు పట్టినవాడు లోతు దగ్గర జానెడు తగ్గించి రాస్తే గంప మోసిన ఆడమనిషి ఆ పూట పస్తు. గట్టి నేలకూ ఇసుక నేలకూ ఒకే లెక్క కడితే పలుగు విరిగినవాడికి ఏమీ మిగలదు. 1877లో ఆ కొలతబద్ద పట్టుకునేవాడు మాదిగ చేతిని ముట్టుకోని కులంవాడైతే దూరం నుంచే గుంట చూసి అంకె వేస్తాడు. ఎదురు మాట్లాడితే పేరు కొట్టేస్తాడు. క్లౌ శిబిరంలో ఆ బద్ద పట్టుకున్నవాడు పేరయ్య లాంటి మనిషి, అదే కులం, వరస కలిపి పిలిచే మనిషి. పైన లెక్క చూసే దొరకు సర్వే పని వచ్చు కాబట్టి ఇంజనీర్ల కొలతనూ అడిగి నిలబెట్టగలడు. నా దృష్టిలో ఒంగోలు చరిత్ర మలుపు తిరిగింది ఇక్కడే. బియ్యం మూటల కంటే కొలతబద్ద ఎక్కువ పని చేసింది.

మధ్యాహ్నం ఎండకు పని ఆగితే బోధకులు తమ గుంపు దగ్గరే కూర్చునేవారు. ప్రయాసపడి భారం మోస్తున్నవాళ్ళంతా నా దగ్గరికి రండి, విశ్రాంతి ఇస్తాను అన్న యేసు మాట ఎక్కువగా చెప్పేవారు. నెత్తి మీది మట్టి గంప అప్పుడే దించినవాళ్ళకు ఆ మాటకు అర్థం విప్పి చెప్పనక్కర లేదు. కొన్నాళ్ళు పనిచేసి నాలుగు డబ్బులు పోగేసుకున్నవాళ్ళు ఊరికి పోయి ఇంకొకరిని పంపేవారు. అలా ఎక్కడెక్కడి పల్లెలకో ఆ శిబిరంతో చుట్టరికం కలిసింది. కలరా కూడా ఆ శిబిరాన్ని వదల్లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్ళు వేలల్లో ఉన్నారు. క్లౌ ఇవ్వలేదు. అన్నం కోసం వస్తున్నారన్న అనుమానం మొట్టమొదట ఆయనకే వచ్చింది. పదిహేను నెలలపాటు, కరువు సాయం నడిచినన్నాళ్ళూ, ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వకుండా ఆపాడు. లండన్‌లో పోగుచేసిన మాన్షన్ హౌస్ నిధి నుంచి సాయం పంచే పని కూడా ఆయన మీద ఉండేది కాబట్టి జాగ్రత్త ఇంకా ఎక్కువ పడ్డాడు. సాయం ఆగిపోయాక, 1878 జూన్ చివర్లో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో బోధకులను, సంఘస్తులను సమావేశానికి రమ్మన్నాడు. కొత్తవాళ్ళను వెంట తేవద్దని కూడా చెప్పాడు. జనం వినలేదు, వేలల్లో వచ్చి చింతతోపులో కూర్చున్నారు.

ఇక డబ్బు లేదు, ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, ఇళ్ళకు వెళ్ళిపొమ్మన్నాడు. వాళ్ళు చెప్పిన జవాబును క్లౌ తన జీవితకథలో రాయించాడు. మాకు సాయం వద్దు, పని చేశామనడానికి మా చేతుల మీది బొబ్బలే సాక్ష్యం, ఇకముందూ పని చేసుకునే బతుకుతాం, మళ్ళీ పంట పోతే చస్తాం, చచ్చేదేదో క్రైస్తవులుగా చస్తాం అన్నారట. ఆ చేతులు చూశాక కాదనలేకపోయాడు. ఏ పల్లె మనుషుల్ని ఆ పల్లె బోధకుడు విడివిడిగా కూర్చోబెట్టి, ఎవరెవరో తెలుసుకుని, పేర్లు రాసుకున్నాడు. తనకు తెలియని మనిషి పేరు రాయలేదు.

జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. ఏడాది చివరికి 9,606. జూలై 3నాడు ఏట్లో దిగి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున, అలిసినవాళ్ళ స్థానంలో మరో ఇద్దరు. దొర గట్టు మీద ఉన్నాడు. ఈ వివరం చర్చి కథల్లోనూ ఎక్కువగా వినిపించదు. వినిపించాలి.

వరస చూశాక అన్నం కోసం కలిశారన్న మాట నిలవదు. కానీ కరువుకూ దీనికీ సంబంధం లేదన్న మాట కూడా నిలవదు. ఊరికీ మాదిగవాడకూ మధ్య ఉన్న కట్టుబాటు ఏమిటంటే, వాళ్ళు వెట్టి చేస్తారు, ఊరు గింజలు కొలుస్తుంది. ధాత కరువులో ఊరు తన వంతు తప్పింది. ఆ కట్టు తెగినచోట, ఆపదలో తమతోపాటు నిలబడింది ఎవరో మాదిగలు చూశారు. అది ఆకలి చేసిన పని కాదు, ఆకలిలో మనుషులు చేసుకున్న బేరీజు. చదువురాని పేదవాడికి నమ్మకం ఉండదు, ఆకలే ఉంటుంది అనుకోవడం ఆ మనుషుల్ని రెండోసారి ఊరి బయట పెట్టడమే.

మిషనరీల ఇంటి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే వాళ్ళను దేవుళ్ళను చేసేవాళ్ళూ ఉన్నారు. ఒంగోలులో బంగళా అంటే బంగళానే. వంటవాడు, ఆయా, పంకా లాగేవాడు. పల్లెలో ఆయన దొరగారు, ఆమె దొరసానిగారు. కలెక్టరుతో కూర్చుని మాట్లాడగలగడం ఆయన తెల్లతోలు వల్లనే. ఆ బలాన్ని పేదల తరఫున వాడాడు, నిజమే, అయినా ఆ బలం ఎక్కడిదో మరిచిపోకూడదు. ఆ బంగళాలో ఇంకో రకం బాధ ఉండేది. పిల్లలు కాస్త ఎదగగానే చదువుకని అమెరికా పంపేయాలి. తల్లి పిల్లలతో వెళ్తే భర్త ఇక్కడ ఒంటరి, ఆమె ఉండిపోతే పిల్లలు అక్కడ అనాథల్లా. ఉత్తరం సముద్రం దాటి రావడానికే వారాలు. 1901లో కొడైకెనాల్‌లో అమెరికా మిషనరీల పిల్లల కోసం బడి పెట్టారంటే ఈ బాధ తట్టుకోలేకే.

భార్యల పనికి లెక్కే ఉండేది కాదు. బడి నడిపినా, మందు ఇచ్చినా, ప్రసవానికి సాయం వెళ్ళినా రిపోర్టులో పేరు భర్తది. పెళ్ళికాని ఆడవాళ్ళకూ తిప్పలే. 1883లో గుంటూరు వచ్చిన ఆనా కుగ్లర్ చదువుకున్న డాక్టరు. అయినా లూథరన్ బోర్డు ఆమెను పంపింది ఆడవాళ్ళ మధ్య బోధించడానికి, టీచరుగా. రోగులు ఆమెను వదల్లేదు, ఆమె రోగులను వదల్లేదు, రెండేళ్ళకు బోర్డే దిగొచ్చి డాక్టరుగా ఒప్పుకుంది. గుంటూరులో ఆమె ఆసుపత్రి అలా పుట్టింది. హారియట్ 1893లో పోయాక క్లౌ పెళ్ళాడిన ఎమ్మా రౌషన్‌బుష్ అప్పటికే ఒంగోలులో టీచరుగా పనిచేసిన మనిషి. మాదిగ ఇళ్ళలో కూర్చుని, మాదిగలు కొలిచే దేవత మాతంగి కథలూ పేరయ్య యోగసాధనా ముసలివాళ్ళ నోట విని 1899లో పుస్తకంగా వేసింది. ఆమె రాయకపోతే పేరయ్య మనకు ఒక పేరుగా మిగిలేవాడేమో.

ఈ కరువు, కూలి, గుడి ముడి ఒంగోలుతో ఆగలేదు. మెదక్‌లో మిషనరీ చార్లెస్ పోస్నెట్ 1914 నుంచి 1924 దాకా కట్టించిన పెద్ద చర్చిని జనం ఇప్పటికీ కరువులో అన్నం పెట్టిన కట్టడం అనే చెప్పుకుంటారు. పదేళ్ళు అక్కడ రాళ్ళెత్తిన కూలీలకు అది దేవుడి ఇల్లు కాకముందే పొట్ట పోసిన పని.

కులం మాత్రం ఏట్లో మునిగి పోలేదు. ఒంగోలు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు, గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువగా చేరారు. రెండు వాడల మధ్య గోడ రెండు చర్చిల మధ్య గోడగా చాలాచోట్ల మిగిలింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవ దళితులకు ఎస్సీ హోదా అందలేదు. మన దగ్గర వాళ్ళను బీసీ-సీలో పెట్టారు, ఒక్క శాతం రిజర్వేషన్. ఎస్సీ హోదా ఇవ్వమని ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2023లో తీర్మానం చేసింది. ఊరు ఇప్పటికీ ఆ వాడను మాదిగపల్లె అనే పిలుస్తుంది, కాగితం మాత్రం కాదంటుంది. అన్నం కోసం కలిశారని ఎగతాళి చేసేవాళ్ళు, కలిసినందుకు ఆ కుటుంబాలు పోగొట్టుకున్నది కూడా లెక్క వేయాలి.

కాలువ ఇప్పుడు పడవలు నడిచే స్థితిలో లేదు. చాలాచోట్ల పూడిపోయింది, తుమ్మచెట్లు పట్టాయి. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు, పెదగంజాం నుంచి చెన్నై వైపు తీరం పొడవునా పొంగి వచ్చిన సముద్రాన్ని చాలాచోట్ల ఈ కాలువే తనలోకి తీసుకుని మళ్ళీ వెనక్కి వదిలింది. ఒంగోలు నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో దాన్ని దాటేటప్పుడు నేను గట్టు వైపు చూస్తాను. ఒక్కో గంప చొప్పున మోసి పోసిన మట్టి అది. మోసినవాళ్ళ పేర్లలో కొన్ని వెల్లంపల్లిలో బోధకులు రాసుకున్న వరసల్లో ఉన్నాయి.